మిర్చి కల్లాలకు ఏ స్లైడ్ ఫిల్మ్ మంచిది? ఎక్స్‌పోజర్ ఎలా చూసుకోవాలి?

బ్రాడీపేట_గుంటూరు

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు వాడిన నికాన్ ఎఫ్ఎమ్2 కెమెరా, దానితోపాటు 50 ఎంఎం, 105 ఎంఎం లెన్సులు రెండేళ్ల కిందట నా చేతికి వచ్చాయి. ఇప్పటిదాకా పదిహేను కలర్ నెగటివ్ రీళ్లు తీశాను, వాటితో చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏదీ రాలేదు. అయితే మొన్న సంక్రాంతికి బీరువా సర్దుతుండగా పెదనాన్నగారి స్లైడ్ల డబ్బా బయటపడింది. అందులోంచి ఒకటి తీసి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే, కల్లంలో ఆరబోసిన మిరపకాయల పక్కన నిలబడిన ఒక పెద్దాయన, ఆయన భుజం మీది తువ్వాలు అంచు గళ్లతో సహా కనిపించాయి. అగ్గిపెట్టెకన్నా చిన్న ఫిల్మ్ ముక్కలో ఉన్న ఆ ఎరుపును నేను ఇంతవరకూ ఏ నెగటివ్ నుంచీ రాబట్టలేకపోయాను.

ఆ ఉత్సాహంతో ఒక ప్రోవియా 100ఎఫ్ రీలు తెప్పించి, గుంటూరుకు దగ్గరలోని ఒక కల్లంలో ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో 36 ఫ్రేములూ తీశాను. కడిగించి తెచ్చుకున్నాక చూస్తే పనికివచ్చేవి ఏడెనిమిదికి మించి లేవు. రైతు తలపాగా ఉండవలసిన చోట ఖాళీ ఫిల్మ్ ఉంది. మిరపకాయలు ఎర్రగా కాకుండా నారింజ రంగుకు తిరిగాయి. నెగటివ్ తీసేటప్పుడు కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ చెప్పినదానికంటే ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుగు) ఎక్కువ ఇవ్వడం నాకు అలవాటు, ఇక్కడా అలాగే ఇచ్చాను.

కోతలు పూర్తయ్యేలోగా మళ్లీ కల్లాలకు వెళ్లాలని ఉంది. ఆ తరువాత ప్రకాశం బ్యారేజీ దగ్గర సూర్యాస్తమయం, ఉండవల్లి గుహలు కూడా తీయాలనుకుంటున్నాను. వెల్వియా, ప్రోవియా, ఎక్టాక్రోమ్ ఈ మూడింటిలో దేనికి ఏది వాడాలి? మీటర్‌ను ఎలా చూసుకోవాలి? రీలు కొనడానికి, పార్శిల్ పంపి కడిగించడానికి అయ్యే ఖర్చు తలచుకుంటే మరో రీలు పోగొట్టుకునే ధైర్యం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పటమట_పాతకెమెరా

నమస్కారమండీ. మీరు చెప్పినదాన్ని బట్టి ఫిల్మ్‌లో లోపమేమీ ఉన్నట్టు లేదు. నెగటివ్‌ను కాపాడిన అలవాటే స్లైడ్‌ను చెడగొట్టింది. ఇది ఎందుకు జరుగుతుందో ఒకసారి లోపలి పనితో సహా తెలుసుకుంటే, మీటర్ విషయంలో మీ చేయి దానంతటదే జాగ్రత్త పడుతుంది.

స్లైడ్‌ను కడిగే ఈ-6 పద్ధతిలో మొదటి డెవలపర్, వెలుగు తగిలిన వెండి లవణాలను నల్లటి వెండిగా మారుస్తుంది. ఈ దశలో రంగు పుట్టదు. వెలుగు తగలక మిగిలిపోయిన లవణాల మీద ఆ తరువాత కలర్ డెవలపర్ పనిచేసినప్పుడు, అక్కడ మాత్రమే రంగు ఏర్పడుతుంది. చివర్లో బ్లీచ్, ఫిక్సర్ కలిసి వెండినంతటినీ తీసేస్తాయి. కాబట్టి వెలుగు ఎంత ఎక్కువ పడితే అక్కడ రంగు అంత తక్కువగా మిగులుతుంది, మరీ ఎక్కువ పడిన చోట అసలేమీ మిగలదు. మీ రైతు తలపాగా దగ్గర జరిగింది అదే. అక్కడ స్కానర్‌కు గాని, ల్యాబ్‌వారికి గాని పట్టుకోవడానికి ఏ ఆధారమూ లేదు. నెగటివ్‌లో ఇందుకు విరుద్ధంగా, ఎక్కువ వెలుగు పడిన భాగం ఇంకా చిక్కబడుతుంది, ఆ చిక్కదనంలో నుంచి వివరాన్ని తరువాత రాబట్టుకోవచ్చు. అందుకే నెగటివ్‌కు నీడలను చూసి ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద పడనిచ్చే వెలుగు) ఇవ్వాలని, స్లైడ్‌కు వెలుగు భాగాలను చూసి ఇవ్వాలని పాతవాళ్లు చెప్పేవారు. నెగటివ్ పది స్టాప్‌ల తేడాను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువనూ ఓర్చుకుంటుంది. స్లైడ్ ఓర్చుకునేది అయిదారు స్టాప్‌లే, అందులోనూ వెలుగు వైపు ఉన్న చోటు చాలా తక్కువ.

ఇక మీ కెమెరా సంగతి. ఎఫ్ఎమ్2 మీటర్, వ్యూఫైండర్ మధ్యలో కనిపించే 12 ఎంఎం వలయానికి అరవై శాతం ప్రాధాన్యం ఇస్తుంది, మిగిలిన నలభై శాతం చుట్టూ ఉన్నదానికి పోతుంది. ఆ వలయంలోకి ఏది వస్తే దాన్ని అది మధ్యరకం బూడిద రంగుగా భావించి లెక్క కడుతుంది. ముదురు ఎరుపు మిరపకాయల రాశితో ఫ్రేము నిండితే, అవి బూడిద రంగుకన్నా ముదురు కనుక మీటర్ అవసరానికి మించి వెలుగు అడుగుతుంది. దానిమీద మీరు మరో స్టాప్ కలిపారు. ఎరుపు నారింజగా మారడానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కరలేదు.

నేను చేసే పని ఇది. విషయం మీద ఎలాంటి ఎండ పడుతున్నదో అదే ఎండలో నా అరచేతిని చాపి, లెన్సు నిండా అరచేయి వచ్చేలా పెట్టుకుని, వ్యూఫైండర్‌లో ఎక్స్‌పోజర్ సరిపోయిందని సూచించే మధ్య దీపం వెలిగే వరకు సరిచేస్తాను. ఫోకస్ కుదరకపోయినా ఫరవాలేదు. మనుషుల ఒంటి చాయలో తేడాలు ఎన్ని ఉన్నా అరచేతులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి, మధ్యరకం బూడిద రంగుకన్నా దాదాపు ఒక స్టాప్ వెలుగు ఎక్కువ. అందువల్ల అక్కడి నుంచి ఒక స్టాప్ తెరిచి, ఆ తరువాత దీపాలు ఏం చెప్పినా పట్టించుకోకుండా ఫోటో తీస్తాను. తలపాగాలాంటి తెల్లబట్ట ముఖ్యమైతే దగ్గరికి వెళ్లి దాని మీదే మీటర్ చూసి, ఒకటిన్నర స్టాప్ మాత్రం ఎక్కువ ఇవ్వండి. బట్ట తెల్లగానే ఉంటుంది, నేతా కనిపిస్తుంది. రెండున్నర దాటితే మళ్లీ ఖాళీ ఫిల్మే మిగులుతుంది.

మరొక మాట. ఎఫ్ఎమ్2 షట్టర్ డయల్‌ను రెండు అంకెల మధ్య ఆపి ఉపయోగం లేదు. అర స్టాప్ మార్పు కావాలంటే అపర్చర్ రింగును (లెన్సులో వెలుగు దారిని పెంచి తగ్గించే వలయం) రెండు క్లిక్కుల మధ్య నిలిపి తెచ్చుకోవాలి. అలాగే ఆ షట్టర్ వయసును కూడా మరచిపోకండి. 1/1000 దగ్గర అది అర స్టాప్ నెమ్మదించినా నెగటివ్ ఆ తేడాను మింగేస్తుంది, స్లైడ్ చూపించి తీరుతుంది. నడి ఎండలో 100 వేగం (ఫిల్మ్ వెలుగుకు ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె) ఫిల్మ్‌కు అపర్చర్ ఎఫ్/16 దగ్గర షట్టర్ 1/125 సెకండు అనే పాత లెక్క ఉన్నది కదా. ముందుగా ఒక మధ్యాహ్నం మధ్యరకం బూడిద రంగు కార్డు మీద మీ మీటర్ ఆ లెక్కకు దగ్గరగా చెబుతున్నదో లేదో సరిచూసుకోండి. షట్టర్‌ను మాత్రం మెకానిక్ దగ్గర కొలిపించవలసిందే.

మిర్చియార్డు_రోడ్డు

పటమటవారు ఎక్స్‌పోజర్ గురించి చెప్పినదానికి నేను కలపవలసింది లేదు. ఫిల్మ్ ఎంపిక గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే గత ఆరేళ్లుగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా నా ఆదివారాలన్నీ కల్లాల్లోనే గడుస్తున్నాయి.

ఎరుపు అనగానే అందరూ వెల్వియా 50 వైపు చూస్తారు. నేనూ మొదటి రెండు సంవత్సరాలు దాన్నే వాడాను. 1990లో వచ్చినప్పటి నుంచి ప్రకృతి దృశ్యాలు తీసేవారు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, అందులో తప్పులేదు. కాని కల్లంలో దాని బలమే బలహీనత అవుతుంది. తేజ రకం కాయలు రాశిగా పోసి ఉంటే, వెల్వియాలో ఆ రాశి మొత్తం ఒకే ఎర్రటి ముద్దగా కనిపిస్తుంది, కాయకూ కాయకూ మధ్య అంచు కరిగిపోతుంది. పక్కనే బాడిగ రకం పోసి ఉన్నా, వాటి ముదురు రంగును, ముడతలు పడిన తోలును కంటికి కనిపించినంత వేరుగా చూపించదు. అన్నింటికన్నా నన్ను బాధపెట్టింది మనుషుల ముఖాలు. పొద్దుటి నుంచి ఎండలో కాయలు ఏరుతున్న ఆడవాళ్ల ముఖాలకు లేని ఎర్రదనాన్ని పులుముతుంది. వారి కష్టాన్ని చూపించాలని వెళ్లి వారి ముఖం రంగునే మార్చేసిన ఫోటో తీసుకురావడం నాకు మనస్కరించలేదు.

అందువల్ల కల్లానికి నా సలహా ప్రోవియా 100ఎఫ్. మీరు కొన్న ఫిల్మ్ సరైనదే, దాన్ని వదలకండి. ఏరడం మొదలుపెట్టిన రాశి దగ్గర దానితో తీసిన ఒక స్లైడ్ నా దగ్గర ఉంది. ఎర్ర కాయల మధ్య రంగు పోయిన తాలు కాయలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకునేంత విడిగా కనిపిస్తాయి. ఒక తాలు కాయ మీద లేత గడ్డి రంగు, తొడిమ దగ్గర మిగిలిన కొంచెం ఎరుపు కూడా తెలుస్తాయి. కాయ ఏరుతున్న ఆవిడ గోళ్ల చివర పట్టిన ఎర్రటి మరక దాకా భూతద్దంలో చూడవచ్చు. ఇదే ఫ్రేమును ఒక స్టాప్ ఎక్కువ ఇచ్చి కూడా తీశాను. అందులో తాలు కాయలు తెల్లటి చుక్కలుగా మిగిలాయి.

ఎక్టాక్రోమ్ ఇ100 గురించి అడిగారు. కోడక్ కొన్నేళ్లు ఆపేసి 2018లో తిరిగి తెచ్చిన ఫిల్మ్ ఇది. తెలుపులు చాలా శుభ్రంగా ఉంటాయి, పంచెలు, తలపాగాలు ఎక్కువగా ఉన్న చోట నాకు నచ్చుతుంది. ఆకాశపు వెలుగు మాత్రమే పడే నీడల్లో కొంచెం నీలం వైపు మొగ్గుతుంది, రంగును కాస్త వెచ్చబరిచే 81ఎ ఫిల్టర్ పెడితే సర్దుకుంటుంది.

పదకొండు గంటలకు వెళ్లవద్దు. ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపల వెళ్లండి. అప్పుడు ఎండ ఏటవాలుగా పడి ప్రతి కాయకూ సన్నటి నీడ వస్తుంది, వెలుగు నీడల మధ్య తేడా కూడా స్లైడ్ తట్టుకునే మేరలోనే ఉంటుంది. ఎండిన కాయ తోలు అద్దంలా మెరుస్తుంది కనుక మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ తప్పక తీసుకువెళ్లండి. ఆ మెరుపు తొలగితేనే అసలు ఎరుపు బయటపడుతుంది. పోలరైజర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌ల దాకా వెలుగును తింటుంది, లెన్సు ద్వారా చూసే మీటర్ కనుక కెమెరాతోనే చూస్తే ఆ లెక్క అందులోనే కలుస్తుంది. అరచేతిని చూసేటప్పుడు కూడా పోలరైజర్ బిగించే చూడండి. పట్టాలు దులుపుతున్నప్పుడు మాత్రం లెన్సు మార్చకండి. ఆ ఘాటు ధూళి ఫిల్మ్ గేటులోకి చేరితే రీలు పొడుగునా గీతలు పడతాయి.

కడిగించే విషయంలో నాకు జరిగిన నష్టం ఒకటి చెప్పాలి. మూడేళ్ల కిందట ఒక ల్యాబ్‌కు రెండు స్లైడ్ రీళ్లు పంపితే, అక్కడివారు వాటిని నెగటివ్‌ల సి-41 రసాయనాల్లో కడిగేశారు. ఒక పెళ్లిలో మా అమ్మమ్మను తీసిన ఫ్రేములు అందులో ఉన్నాయి. తిరిగి వచ్చినవి వింత రంగుల నెగటివ్‌లు, వాటిని సరిచేసే మార్గం లేదు. అప్పటి నుంచి పేటిక మీద, కవరు మీద, లోపల పెట్టే చీటీ మీద ‘ఈ-6 మాత్రమే’ అని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, పంపే ముందు ఫోన్ చేసి ఈ-6 రసాయనాలు ఆ వారం సిద్ధంగా ఉన్నాయా అని కూడా అడుగుతున్నాను. మొదటి డెవలపర్ 38 డిగ్రీల దగ్గర ఆరు నిమిషాలు ఉండాలి, డిగ్రీలో మూడో వంతు తేడా వచ్చినా ఫలితంలో తెలుస్తుంది. క్రమం తప్పకుండా ఈ పని చేసే చోటికే పంపించండి, దూరమైనా సరే.

సీతానగరం_ఒడ్డు

కల్లం విషయంలో మిర్చియార్డువారితో ఏకీభవిస్తాను, కాని వెల్వియాను పూర్తిగా పక్కన పెట్టించవద్దని మనవి. బ్యారేజీ దగ్గర సాయంత్రానికి దాన్ని మించినది లేదు. నేను సీతానగరం వైపు ఒడ్డున నిలబడి, ఎగువన నిలిచిన నీళ్ల మీదుగా పడమటి కొండల వెనక పొద్దు గుంకుతుండగా తీస్తాను. ఆ వేళ నీళ్ల మీద పరుచుకునే ఊదా, కుంకుమ రంగులను ప్రోవియా ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది, వెల్వియా మన జ్ఞాపకంలో మిగిలిన విధంగా చూపిస్తుంది. నేను దాన్ని 50 బదులు 40 వేగం దగ్గర పెట్టి వాడతాను, చాలామంది అలాగే చేస్తారు. నీడలకు కాస్త ఊపిరి ఆడుతుంది.

మీటర్‌ను సూర్యుడి మీద చూడవద్దు. సూర్యుడికి పక్కగా, అతడు ఫ్రేములో లేకుండా ఉన్న ఆకాశం మీద చూసి, అది ఎంత చెబితే అంత ఇవ్వండి. నీళ్లకు, ఆకాశానికి తేడా రెండు స్టాప్‌లు దాటితే పైభాగం ముదురుగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ ఉపయోగపడుతుంది, అయితే 1957 నాటి ఆ బ్యారేజీ స్తంభాలు ఆకాశంలోకి పొడుచుకుని ఉంటాయి కనుక వాటి తలలు నల్లబడకుండా చూసుకోవాలి.

పొద్దు వాలిన తరువాత సంగతి వేరు. ఎక్స్‌పోజర్ సెకండ్లలోకి వెళ్లేసరికి ఫిల్మ్ స్పందన మందగిస్తుంది. వెల్వియా 50కి ఒక సెకండు దాకా సవరణ అక్కరలేదు. నాలుగు సెకండ్ల దగ్గర మూడో వంతు స్టాప్, పదహారు దగ్గర మూడింట రెండు వంతులు, ముప్పైరెండు దగ్గర పూర్తిగా ఒక స్టాప్ కలపాలని ఫ్యూజీవారే సూచించారు. వీటితోపాటు ఆకుపచ్చ ఛాయ రాకుండా మెజెంటా ఫిల్టర్ కూడా వాడమన్నారు. అరవైనాలుగు సెకండ్లకు అసలు వాడవద్దనే అన్నారు. ప్రోవియా 100ఎఫ్‌కు రెండు నిమిషాల దాకా, కచ్చితంగా చెప్పాలంటే 128 సెకండ్ల వరకు, ఏ సవరణా అవసరం లేదు. బ్యారేజీ దీపాలు వెలిగాక నేను ప్రోవియాకు మారడానికి కారణం అదే.

ఉండవల్లికీ ప్రోవియానే. పవళించిన అనంతపద్మనాభస్వామి విగ్రహం ఉన్న అంతస్తులో బయటి వెలుగు స్తంభాల మధ్య నుంచి లోపలికి పడుతుంది. స్తంభం అంచున పడే ఎండకూ, స్వామి ముఖం మీది వెలుగుకూ ఉన్న తేడా స్లైడ్ శక్తికి మించినది. కాబట్టి ఎండ ముక్క ఫ్రేములోకి రాకుండా నిలబడే చోటు ఎంచుకోండి, లేదా మబ్బు పట్టిన రోజున వెళ్లండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు కనుక ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా 100 వేగం ఫిల్మ్‌తో చేతిలో పట్టుకుని లోపల తీయడం కుదరని పని.

బ్రాడీపేట_గుంటూరు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పాడైన స్లైడ్లను మీ మాటల ప్రకారం మళ్లీ పరీక్షించాను. పనికివచ్చిన ఏడెనిమిది ఫ్రేములూ చెట్టు నీడలో తీసినవే, అక్కడ వెలుగు నీడల తేడా తక్కువ కనుక ఒక స్టాప్ ఎక్కువైనా బతికాయని ఇప్పుడు అర్థమైంది. వచ్చే ఆదివారం ప్రోవియాతో ఏడు గంటలకల్లా కల్లంలో ఉంటాను. ముఖ్యమైన ఫ్రేమును అర స్టాప్ అటు, అర స్టాప్ ఇటు కూడా తీయాలనుకుంటున్నాను.

మరో రెండు సందేహాలు. పెదనాన్నగారి డబ్బాలో అడుగున కోడాక్రోమ్ 64 పేటికలు రెండు ఉన్నాయి. ఫిల్మ్ నాలుక (పేటిక బయటికి ఉండే మొదటి కొస) పూర్తిగా లోపలికి చుట్టుకుని ఉంది, అంటే ఆయన తీసి, కడిగించకుండా వదిలేసినవే కావచ్చు. వీటిని ఇప్పుడు కడిగించగలమా? రెండవది, మన ఊళ్లలో మే నెల ఎండలకు కొత్త రీళ్లను ఎలా దాచుకోవాలి?

పటమట_పాతకెమెరా

అర స్టాప్ తేడాతో మూడేసి తీయడం మంచిదే, అయితే ఎక్కువ వైపు తీసే ఫ్రేమును కల్లంలో మానుకోవచ్చు. ఉన్నది ఉన్నట్టు ఒకటి, అర స్టాప్ తక్కువ ఒకటి చాలు. రీలులో పన్నెండు విషయాల బదులు పద్దెనిమిది వస్తాయి.

దాచడం గురించి: రీళ్లను మూత బిగించిన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. వాడే రోజున బయటకు తీశాక కనీసం గంటన్నర మూత తీయకండి. మన గాలిలోని తేమ చల్లటి ఫిల్మ్ మీద నీటి పొరగా దిగితే మచ్చలు పడతాయి. ఎండలో నిలిపిన కారులో కెమెరాను ఒక్క పూట కూడా వదలవద్దు. తీసిన రీలును నెలల తరబడి ఉంచకుండా వీలైనంత త్వరగా పంపండి.

కోడాక్రోమ్ విషయంలో మీకు సంతోషం కలిగించే జవాబు ఇవ్వలేకపోతున్నందుకు విచారంగా ఉంది. మిగిలిన స్లైడ్ ఫిల్మ్‌లలో రంగు పుట్టించే పదార్థాలు ఫిల్మ్ పొరల్లోనే ఉంటాయి. కోడాక్రోమ్‌లో అవి ఉండవు, కడిగేటప్పుడు ఒక్కో పొరకు విడివిడిగా అందించాలి. దానికి కె-14 అనే ప్రత్యేకమైన పద్ధతి ఉండేది. 1935 నుంచి నడిచిన ఆ ఫిల్మ్ తయారీని ఆపేస్తున్నట్టు కోడక్ 2009లో ప్రకటించింది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే ఊళ్లో చివరిగా మిగిలిన ల్యాబ్ 2010 డిసెంబరు 30 వరకు మాత్రమే రీళ్లు తీసుకున్నది. కాబట్టి ఆ రెండు రీళ్ల నుంచి రంగులు ఇక రావు. పొరపాటున కూడా ఈ-6లో కడగనివ్వకండి. నలుపు తెలుపు డెవలపర్‌లో కడిగి బొమ్మను రాబట్టే పని తెలిసినవారు ఉన్నారు. ఫిల్మ్ వెనకవైపు ఉన్న నల్లటి పూతను విడిగా తుడిచివేయాలి కనుక, ఆ పని ఇదివరకు చేసినవారికే ఇవ్వండి. మీ పెదనాన్నగారు తీసిన మనుషుల ముఖాలు రంగు లేకుండానైనా దొరికే అవకాశం ఉంది. రెండూ ఒకేసారి పంపకుండా ముందు ఒకటే పంపి, అది ఎలా వచ్చిందో చూసి రెండవదానికి డెవలపర్ సమయం మార్చమని అడగండి.

డబ్బాలో ఉన్న స్లైడ్ల మౌంట్‌ల (చుట్టూ ఉండే చట్రాల) మీద కోడాక్రోమ్ అని అచ్చు ఉన్నదేమో చూడండి. ఉంటే వాటిని ప్రొజెక్టర్‌లో ఎక్కువసేపు నిలపవద్దు. చీకట్లో దశాబ్దాలు చెక్కుచెదరని ఆ రంగులు ప్రొజెక్టర్ వెలుగుకు మాత్రం త్వరగా వెలిసిపోతాయి. లైట్ బాక్స్ మీద పెట్టి, మ్యాక్రో లెన్సు ఉన్న డిజిటల్ కెమెరాతో ఒక్కొక్కదానికి కాపీ తీసుకుని, అసలువాటిని సిలికా జెల్ సంచులు వేసిన డబ్బాలో తిరిగి ఉంచండి. వాటి మీద సాలెగూడులాంటి సన్నటి దారాలు కనిపిస్తే అది బూజు. నీళ్లతో తుడవకండి, ఆ స్లైడ్లను మిగిలినవాటి నుంచి వెంటనే వేరుచేయండి.